స్వామి జ్ఞానానంద: గోదావరి గడ్డ మీది అణుశాస్త్రవేత్త

మొగల్తూరు పేరు చెబితే చాలు, ఎవరికైనా ముందు గుర్తొచ్చేది సినిమా. కృష్ణంరాజుగారిదీ, చిరంజీవిగారిదీ ఆ ఊరే కాబట్టి అందులో తప్పేమీ లేదు. కాస్త పెద్దవాళ్ళయితే పాత జమీందారీ కోట సంగతీ, పేరుపాలెం సముద్రం సంగతీ చెబుతారు. కాని ఆ ఊరికి అరగంట ప్రయాణంలో ఉన్న నరసాపురంలో, టేలర్ హైస్కూల్లో అక్షరాలు దిద్దుకున్న ఒక రాజులబ్బాయి తర్వాత సన్యాసి అయ్యాడనీ, సన్యాసి అయ్యాక యూరపు వెళ్ళి అణుశాస్త్రవేత్త అయ్యాడనీ, తిరిగొచ్చి వాల్తేరులో పరమాణు కేంద్రక భౌతికశాస్త్రానికి ఒక శాఖనే నెలకొల్పాడనీ చెబితే, మన డెల్టా కుర్రాళ్ళలో చాలామంది నమ్మలేనట్టు చూస్తారు. ఆయనే స్వామి జ్ఞానానంద. విశాఖపట్నం వెళ్ళి భౌతికశాస్త్రం చదివినవాళ్ళకు ఆయన పేరు ప్రయోగశాల గుమ్మం మీద కనిపిస్తుంది. గుమ్మం దాటి లోపలికి వెళ్ళినవాళ్ళలో ఆ పేరు వెనకాల ఉన్న జీవితం ఎందరికి తెలుసు? అందుకే ఈ నాలుగు మాటలు.

పుట్టుక, వైరాగ్యం

స్వామిగారి పూర్వాశ్రమ నామం భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబరు 5వ తేదీన భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. కాటన్ దొర ఆనకట్ట కట్టి అప్పటికి నలభయ్యేళ్ళు దాటింది. కాలవలు, లాకులు, పడవ ప్రయాణాలు, వరిచేలు – డెల్టా అప్పుడప్పుడే పచ్చబడి కాస్త కలిమి చూస్తున్న కాలం. తండ్రిగారి దగ్గర వేదశాస్త్ర గ్రంథాలు చాలా ఉండేవి. ఇంట్లో ఆ పుస్తకాలు, నరసాపురంలో ఇంగ్లీషు బడి – ఈ రెండింటి మధ్యా పెరిగాడా పిల్లవాడు.

అయితే ఆయన మనసు ఆస్తి మీదా, ఉద్యోగం మీదా నిలవలేదు. యౌవనంలోనే ఇల్లు విడిచి ఉత్తరాదికి వెళ్ళిపోయారు. హిమాలయ ప్రాంతాల్లో ఏళ్ళ తరబడి యోగసాధన చేశారు. లక్ష్మీనరసింహరాజు స్వామి జ్ఞానానంద అయ్యారు. ఇంతవరకూ వింటే ఇది మన దేశంలో వందలమంది సాధువుల కథే. అసలు కథ ఇక్కడ్నించి మొదలవుతుంది.

ముప్ఫై ఏళ్ళు దాటాక మళ్ళీ ఓనమాలు

1927లో స్వామిగారు జర్మనీ వెళ్ళారు. పూర్ణసూత్రాలు అనే తన గ్రంథాన్ని అచ్చు వేయించే పని మీద డ్రెస్డెన్ చేరారు. అక్కడ యోగం మీద, భారతీయ తత్త్వం మీద ఉపన్యాసాలిచ్చారు. ఆ రోజుల్లో యూరపులో భారతీయ స్వామి ఉపన్యాసమంటే వినేవాళ్ళకు కొరత లేదు. కాషాయం కట్టుకుని, శిష్యుల్ని పోగుచేసుకుని, సుఖంగా కాలక్షేపం చేసెయ్యొచ్చు. ఆయన ఆ పని చెయ్యలేదు.

అప్పుడు జర్మనీ భౌతికశాస్త్రానికి పుట్టిల్లులా ఉంది. సాపేక్షతా సిద్ధాంతం గురించి పండితులే కాదు, పత్రికలు చదివేవాళ్ళంతా మాట్లాడుకుంటున్నారు. క్వాంటం యాంత్రికశాస్త్రం పుట్టి రెండేళ్ళయింది. సాపేక్షతా సిద్ధాంతం మీద జరిగే ఉపన్యాసాలు విన్న స్వామిగారికి ఈ శాస్త్రమేదో నేర్చుకోవాలన్న పట్టుదల కలిగింది. వయసు ముప్ఫై దాటింది. భాష కొత్త, గణితం కొత్త. ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని చదువుకోవాలి. ఉపన్యాసాలిచ్చే స్వామి ఉపన్యాసాలు వినే విద్యార్థి అయ్యారు. ఆయన చేసిన త్యాగాల్లో ఇల్లు విడిచిపెట్టడం మొదటిదైతే, గురుస్థానం విడిచిపెట్టడం రెండోది. రెండోది మొదటిదానికంటే తక్కువదేమీ కాదు.

ప్రాగ్: ఎక్స్ కిరణాల కొలత

తర్వాత ఆయన చెకొస్లొవేకియాలో ప్రాగ్ నగరానికి మారారు. అక్కడి చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఆచార్య డోలేషెక్ ఎక్స్ కిరణాల వర్ణపటశాస్త్రంలో పేరు పొందినవారు. ప్రతి మూలకానికీ తనదైన ఎక్స్ కిరణాల గీతలుంటాయి. మనిషికి వేలిముద్ర ఎలాగో మూలకానికి ఆ గీతలు అలాగ. వాటి తరంగదైర్ఘ్యాన్ని ఎంత నిక్కచ్చిగా కొలిస్తే పరమాణువు లోపలి నిర్మాణం అంత స్పష్టంగా తెలుస్తుంది. స్వామిగారు ఎంచుకున్నది ఆ సూక్ష్మమైన కొలతల పనే. 1936లో దానిమీద డి.ఎస్సి. పట్టం అందుకున్నారు. అప్పటికి ఆయన వయసు నలభైకి దగ్గరపడింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తరంగదైర్ఘ్యం ఎక్కువగా ఉన్న మెత్తటి ఎక్స్ కిరణాలు గాలిలో ఎంతో దూరం పోలేవు. గాలి అణువులే వాటిని మింగేస్తాయి. కాబట్టి వాటిని కొలవాలంటే ముందు పరికరంలోంచి గాలిని తోడెయ్యాలి. నూతిలో నీళ్ళు తోడడం లాంటిది కాదది. తోడిన కొద్దీ గోడలకంటిన తేమ ఆవిరవుతూ ఉంటుంది, కంటికి కనపడని బెజ్జంలోంచి బయటి గాలి దూరుతూ ఉంటుంది. శూన్యాన్ని పుట్టించడం ఒక విద్య, నిలబెట్టడం ఇంకో విద్య, అది నిజంగా ఎంత శూన్యమో కొలవడం మరో విద్య. స్వామిగారు ఈ మూడింటిలోనూ ఆరితేరారు.

లివర్‌పూల్: చాడ్విక్ దగ్గర

ప్రాగ్ తర్వాత ఇంగ్లండు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ చాడ్విక్ దగ్గర చేరారు. 1932లో న్యూట్రాన్‌ను కనిపెట్టి, 1935లో నోబెల్ బహుమతి పొందిన మహానుభావుడాయన. స్వామిగారు అక్కడ బీటా కిరణాల వర్ణపటం మీద పరిశోధన చేసి పిహెచ్.డి. సంపాదించారు. బీటా కిరణాలంటే కేంద్రకంలోంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు. వాటి శక్తి ఒకే విలువ దగ్గర కాకుండా వరసగా పరుచుకుని ఉంటుందని 1914లో బెర్లిన్‌లో మొదట చూపించింది చాడ్విక్కే. అంటే ఆ సమస్య పుట్టించిన గురువు దగ్గరే శిష్యుడు దానిమీద పనిచేశాడన్నమాట.

బీటా వర్ణపటమాపకంలో సూత్రం చాలా తేలిక. శూన్యం చేసిన గదిలోకి ఎలక్ట్రాన్లను వదిలి అయస్కాంత క్షేత్రం పెడితే, అవి వంపు తిరిగి వృత్తాకారంలో ప్రయాణిస్తాయి. ఎక్కువ వేగమున్నది పెద్ద వృత్తంలో, తక్కువ వేగమున్నది చిన్న వృత్తంలో తిరుగుతుంది. వృత్తం సైజు కొలిస్తే ఎలక్ట్రాన్ వేగం తెలిసిపోతుంది. అయస్కాంతం, శూన్యం – ఈ రెండే ఆ పరికరానికి ప్రాణం. 1939లో చాడ్విక్ లివర్‌పూల్‌లో సైక్లోట్రాన్ యంత్రాన్ని నడిపించారు. అందులోనూ అవే రెండు: కణాన్ని వంచడానికి అయస్కాంతం, అడ్డు లేకుండా తిరగనివ్వడానికి శూన్యం. ఆనాటి సైక్లోట్రాన్ అయినా, ఈనాటి మహాయంత్రాలైనా ఆ మూలసూత్రాన్ని దాటిపోలేదు.

అమెరికా: శూన్యం మీద గ్రంథం

రెండో ప్రపంచయుద్ధం వచ్చి యూరపు అంతా అల్లకల్లోలమైంది. స్వామిగారు అమెరికా చేరి, మిషిగన్ విశ్వవిద్యాలయంలో రేడియోధార్మిక ఐసోటోపుల మీద పనిచేశారు. అంతకాలం సంపాదించిన అనుభవాన్నంతా కూడగట్టి 'హై వాక్యువా' అనే ఇంగ్లీషు గ్రంథం రాశారు. 1947లో న్యూయార్కులో వాన్ నాస్ట్రాండ్ సంస్థ దాన్ని ప్రచురించింది. ఉన్నత శూన్యం తాలూకు సూత్రాలు, దాన్ని పుట్టించే పద్ధతులు, కొలిచే పద్ధతులు – ఇదీ అందులోని విషయం. వేదాంతి శూన్యం మీద పుస్తకం రాశాడంటే బౌద్ధుల శూన్యవాదమేమోననుకునేరు! కాదు. పంపులు, గాజుగొట్టాలు, మాపకాలు, కారిపోయే అతుకులు – ఇవే.

ఆ విద్య ఎందుకు అంత ముఖ్యం?

కొత్త తరం విద్యార్థికి ఒక సందేహం రావచ్చు. గాలి తోడడం, అయస్కాంతం పెట్టడం – ఇదంతా పాత చింతకాయ పచ్చడి కదా, ఇప్పుడెందుకు అని. ఎందుకో చెప్పాలంటే స్వామిగారి తర్వాత జరిగిన కథ కొంచెం చెప్పక తప్పదు.

కణం వేగం పెరిగే కొద్దీ దాన్ని వంచడం కష్టమవుతుంది. అయితే వృత్తాన్ని పెంచాలి, లేదా అయస్కాంతం బలం పెంచాలి. మామూలు ఇనుప అయస్కాంతాలు సుమారు 2 టెస్లాల దగ్గర చతికిలబడతాయి. అంతకంటే ముందుకు పోవాలంటే అతివాహకత దిక్కు. 1911లో హాలెండులోని లైడెన్‌లో కామెర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని ద్రవ హీలియంతో 4.2 కెల్విన్‌ల దాకా చల్లబరిస్తే దాని విద్యున్నిరోధం పూర్తిగా మాయమైంది. అలాంటి తీగతో చుట్టిన చుట్టలో ఎంత కరెంటు పోయినా తీగ వేడెక్కదు. కాని దానికీ ఒక హద్దుందని ఓన్సే కనిపెట్టారు. కరెంటు గాని, అయస్కాంత క్షేత్రం గాని, ఉష్ణోగ్రత గాని గీత దాటితే అతివాహకత ఠక్కున పోయి మామూలు తీగ అయిపోతుంది. దీన్నే క్వెంచ్ అంటారు.

ఈ మాట దగ్గర కాస్త తికమక ఉంది. కమ్మరి కొలిమిలో కాల్చిన ఇనుమును నీళ్ళలో ముంచి చల్లార్చడానికీ ఇంగ్లీషులో అదే మాట. ఇక్కడ జరిగేది సరిగ్గా తలకిందులు. చల్లగా ఉన్న అయస్కాంతం భగ్గున వేడెక్కుతుంది. ఆరిపోయేది వేడి కాదు, అతివాహకత.

జెనీవా దగ్గర సెర్న్ వారి ఎల్.హెచ్.సి. యంత్రం చుట్టుకొలత 27 కిలోమీటర్లు. అందులో కణాల్ని వంచే అతివాహక అయస్కాంతాలు 1,232. ఒక్కొక్కటి సుమారు 15 మీటర్ల పొడవు. 1.9 కెల్విన్‌లు, అంటే సున్నాకు దిగువన 271 డిగ్రీల చలిలో ఉంచి, పూర్తి శక్తికి సుమారు 11,850 ఆంపియర్ల కరెంటు పంపేలా వాటిని తయారుచేశారు. అంత చలిలో లోహానికి వేడిని ఓర్చుకునే శక్తి దాదాపు ఉండదు. అయస్కాంత బలానికి తీగ వెంట్రుకవాసి కదిలినా చాలు, ఆ రాపిడి వేడికే అక్కడ అతివాహకత పోతుంది. నిరోధం పుడుతుంది, నిరోధంతో వేడి పుడుతుంది, వేడితో పక్క తీగ కూడా పోతుంది. చూస్తూ ఊరుకుంటే తీగ కరిగిపోతుంది. అందుకే కొత్త అయస్కాంతాన్ని ముందు పరీక్షశాలలో కావాలనే ఆ స్థితికి పదేపదే తెచ్చి, తీగలు సర్దుకునేలా చేస్తారు. కొత్త ఎద్దును కాడికి అలవాటు చేసినట్టన్నమాట.

మరి యంత్రం నడుస్తుండగా క్వెంచ్ వస్తే? మన డెల్టావాళ్ళకు ఈ ఉపాయం ఇట్టే అర్థమవుతుంది. కాలవగట్టుకు ఒకచోట గండి పడేటట్టుంటే, నీళ్ళన్నీ అక్కడే దూకకుండా తూములన్నీ ఎత్తేసి పొలాల మీదికి పంచేస్తాం కదా! అదే పని. తీగలో చిన్న వోల్టేజి కనపడగానే సెకనులో స్వల్పభాగంలో దాన్ని పసిగట్టి, అయస్కాంతంలోనే అమర్చిన హీటర్లను రాజేస్తారు. చుట్టంతా ఒక్కసారిగా మామూలు తీగగా మారి, శక్తి ఒక్కచోట పోగుపడకుండా అంతటా పంచుకుపోతుంది. మిగతా అయస్కాంతాల కరెంటును పక్కదారి పట్టించి మెల్లగా దించేస్తారు.

ఇంత ఏర్పాటు ఉండి కూడా 2008 సెప్టెంబరు 19న ప్రమాదం జరిగింది. యంత్రంలో మొదటిసారి కణపుంజం తిరిగి తొమ్మిదిరోజులే అయింది. రెండు అయస్కాంతాల మధ్య తీగల అతుకు ఒకటి సరిగ్గా కుదరలేదు. కరెంటు పెంచుతుంటే అక్కడ వేడెక్కి, తీగ తెగి, మెరుపు లేచింది. ఆ మెరుపు హీలియం గొట్టానికి చిల్లిపెట్టింది. ద్రవ హీలియం మామూలు వేడికి వాయువుగా మారితే సుమారు 700 రెట్లు ఉబ్బుతుంది. టన్నులకొద్దీ హీలియం అయస్కాంతాల చుట్టూ ఉన్న శూన్యంలోకి దూకింది. ఆ ఒత్తిడికి టన్నుల బరువున్న అయస్కాంతాలు పునాదుల్లోంచి కదిలిపోయాయి. కణాలు తిరిగే గొట్టంలో శూన్యం చెడి మసి పట్టింది. 53 అయస్కాంతాల్ని సొరంగంలోంచి పైకి తీసి బాగుచెయ్యాల్సి వచ్చింది. యంత్రం మళ్ళీ నడిచింది 2009 నవంబరులోనే.

అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండి. చలిని కాపాడేది అయస్కాంతం చుట్టూ ఉన్న శూన్యం. కణాన్ని కాపాడేది గొట్టం లోపలి శూన్యం. అక్కడ ఒత్తిడి మన వాతావరణంలో పది లక్షల కోట్లలో ఒక వంతు. ఒక్క అతుకు చెడితే రెండు శూన్యాలూ పోయాయి. అతుకు, చిల్లి, ఒత్తిడి, మాపకం – ఎవరికీ పట్టని ఈ చిల్లర విషయాల మీద 1947లోనే గ్రంథం రాసిన మనిషి మనవాడు. పాత చింతకాయ పచ్చడే కావచ్చు, అది లేకుండా ముద్ద దిగదు మరి!

తిరుగు ప్రయాణం

స్వామిగారు అమెరికాలోనే ఉండిపోవచ్చు. ఉంటే పరికరాలకు, పత్రికలకు, పేరుకు లోటుండేది కాదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో తిరిగొచ్చేశారు. ఢిల్లీలో కె.ఎస్. కృష్ణన్‌గారి ఆధ్వర్యంలో రూపుదిద్దుకుంటున్న జాతీయ భౌతిక ప్రయోగశాలలో సీనియర్ శాస్త్రాధికారిగా చేరారు. అక్కడ కూడా శూన్య సాంకేతికమే ఆయన విద్య.

1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయన్ని పిలిచింది. అప్పటి ఉపాధ్యక్షులు వి.ఎస్. కృష్ణగారు. స్వామిగారికి అప్పటికి యాభై ఏడేళ్ళు. పదవీ విరమణ గురించి ఆలోచించే వయసులో ఆయన వాల్తేరులో కొత్త ప్రయోగశాల కట్టడం మొదలుపెట్టారు. 1956 నాటికి కేంద్రక భౌతికశాస్త్రం ప్రత్యేక శాఖగా ఏర్పడింది, దానికి ఆయనే అధిపతి. విదేశీ పరికరాలు తెప్పించుకోవడం గగనమైన రోజులవి. ఆయన యూరపులో నేర్చిన బీటా, గామా వర్ణపట విద్యలు మన కుర్రాళ్ళ చేతికి అక్కడే అందాయి. 1965లో విరమించేదాకా ఆ శాఖ ఆయన నీడలోనే పెరిగింది. 1969 సెప్టెంబరు 21న కన్నుమూశారు. ఇప్పుడా ప్రయోగశాలలు స్వామి జ్ఞానానంద పేరు మీదే ఉన్నాయి.

మనం ఆయన్ని ఎలా తలుచుకోవాలి?

సన్యాసి శాస్త్రవేత్త అయ్యాడనగానే మనవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడతారు. ఒకరు, చూశారా, అణుశాస్త్రమంతా మన వేదాల్లోనే ఉందని స్వామిగారు నిరూపించారంటారు. ఇంకొకరు, సైన్సు రుచి చూశాక యోగం వట్టిదని తేలిపోయి వదిలేశారంటారు. ఇద్దరిదీ తొందరపాటే. వేదాల్లో అంతా ఉందనుకునే మనిషైతే ముప్ఫై దాటాక డ్రెస్డెన్‌లో మళ్ళీ విద్యార్థి కావలసిన పనేముంది? యోగం వట్టిదనుకునే మనిషైతే చివరిదాకా స్వామి అన్న పేరుతోనే పరిశోధన పత్రాలూ, గ్రంథాలూ ఎందుకు వెలువరిస్తారు? ప్రాగ్‌లో ఆయనకు పట్టమిచ్చింది కాషాయం చూసి కాదు, కొలత చూసి. ఆయన రెండింటినీ కలగాపులగం చెయ్యలేదు, రెండింటిలో ఏదీ వదిలిపెట్టలేదు. ఈ నిగ్రహం ఆనాటికంటే ఈనాడే మనకు ఎక్కువ అవసరం.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. గొరగనమూడి ఉన్న పాలకోడేరు మండలంలోనే మోగల్లు అనే ఊరుంది. అక్కడ 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారే 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థను నిలబెట్టిన ఎ.ఎస్. రావుగారు. ఎల్.హెచ్.సి. అయస్కాంతాల్లో క్వెంచ్ వచ్చినప్పుడు హీటర్లను రాజేసే విద్యుత్ పరికరాలు అయిదువేలకు పైగా భారతదేశం నుంచే వెళ్ళాయి. క్వెంచ్ రక్షణకు పెట్టిన ఎలక్ట్రానిక్ పరికరాల తయారీలో ఇ.సి.ఐ.ఎల్. చెయ్యి కూడా ఉంది. ఒకే మండలంలో రెండు ఊళ్ళు: ఒక ఊరివాడు శూన్యాన్ని కొలిచే విద్య మీద గ్రంథం రాశాడు, ఇంకో ఊరివాడు పెట్టిన సంస్థ ఆ మహాయంత్రానికి కావలి పరికరాలు చేసిపెట్టింది. ఇది కాకతాళీయమే కావచ్చు. కాని మొగల్తూరులోనో, భీమవరంలోనో, నరసాపురంలోనో కూర్చుని, మనలాంటి ఊళ్ళవాళ్ళకు ఇంత పెద్ద సైన్సు ఎక్కడ వస్తుందిలే అనుకునే కుర్రవాడికి జవాబు మాత్రం అందులో ఉంది.

మొగల్తూరు నుంచి మన విశ్వవిద్యాలయానికి వచ్చే పిల్లలు సినిమా వాళ్ళ పేర్లు గర్వంగా చెప్పుకోనీండి. వాటి పక్కనే ఈ పేరు కూడా చేరిస్తే బాగుంటుంది. చేర్చడమంటే దండ వెయ్యడం కాదు. లాబొరేటరీలో రీడింగు సరిగ్గా రాకపోతే పక్కవాడి రికార్డు చూసి రాసెయ్యకుండా, అతుకు ఎక్కడ కారుతోందో వెతకడం. స్వామిగారు జీవితమంతా చేసింది ఆ పనే.